నీటిమీద ఇంజను: తల్లిదండ్రులు తెలిసికొనదగిన విషయములు

(హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుటులోని మన పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగపాఠము)



ఈ యేడు తొమ్మిదవ తరగతి విద్యార్థులను శీతకాలపు సెలవులలో గోదావరీ తీరమునకు తీసికొనిపోయి, పాపికొండల నడుమ లాంచీ ప్రయాణము చేయింపవలెనని మా ఉపాధ్యాయులు తలపెట్టిరి. ఈ వార్త తెలిసిన వెంటనే కొందరు తల్లులు మా గదికి వచ్చి, "మాస్టారూ! రాజమండ్రి చూపించండి, ధవళేశ్వరం ఆనకట్ట చూపించండి, పిల్లల్ని లాంచీ మాత్రం ఎక్కించకండి" అని కోరిరి. వారి భయము నిరాధారమని మేము అనజాలము. 2019వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద విహారయాత్రికుల పడవ గోదావరిలో మునిగి, సుమారు 50 మంది ప్రాణములు కోల్పోయిన సంగతి మన మెవ్వరమును మరువలేదు. నాడు నది సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరదతో పరుగెత్తుచుండెను. మునిగిన పడవను అక్టోబరు 22వ తేదీన గాని, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యముగారి బృందము పైకి తీయలేకపోయినది.

ఆ తల్లులకు మేము రెండు మాటలలో సమాధానము చెప్పి పంపియుండవచ్చును. కాని పిల్లలను మా చేతికి అప్పగించు వారికి, వారిని మేము ఎక్కించు వాహనమును గూర్చి అడుగు హక్కు కలదు. చెప్పు బాధ్యత మాకు కలదు. అందుచేత నేడు లాంచీని గూర్చియు, ముఖ్యముగా దానిని నడుపు డీజిల్ ఇంజనును గూర్చియు, మాకు తెలిసినంత విన్నవించుకొందుము.

తెలుగు బడి పంతులుకు ఇంజనుతో ఏమి పని యని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. మన పిల్లల తండ్రులలో కంప్యూటరు ఉద్యోగులతోబాటు లారీ డ్రైవర్లు, గ్యారేజీ పనివారు, అపార్టుమెంట్లలో జనరేటర్లు చూచుకొనువారు ఉన్నారు. ఈ పేటలో కరెంటు పోయిన మరునిముసమున పెద్ద భవనముల క్రింద గర్జించు యంత్రము, గోదావరిమీద లాంచీని నడుపు యంత్రము ఒక్క జాతివే. కనుక నేటి మాటలు లాంచీ ఎక్కనివారికిని ఉపయోగపడును.

డీజిల్ ఇంజను పనిచేయు విధము చాల సులభమైనది. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు నిప్పురవ్వను పుట్టించును. డీజిల్ ఇంజనులో అట్టి రవ్వ లేదు. గాలిని సుమారు 15 మొదలు 20 రెట్ల వరకు అణచిపెట్టగా, అది 500 సెంటీగ్రేడు డిగ్రీలకు మించి కాగును. ఆ కాగిన గాలిలోనికి ఇంజెక్టరు సన్నని తుంపరగా నూనెను చిమ్మగా, నూనె తనంతట తానే మండును. సైకిలు పంపుతో గాలి కొట్టునపుడు పంపు అడుగున చేయిపెట్టి చూచిన బాలునకు ఈ సూత్రము సగము తెలిసినట్లే. దీనిని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిస్ నగరమున జన్మించిన జర్మనుడు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆయన ఇంజను పరీక్షకు నిలిచి, నూనెలోని శక్తిలో నాలుగవ వంతునకు పైగా పనిగా మార్చినది. ఆనాటి ఆవిరి యంత్రములలో పెక్కు ఇందులో సగమైనను చేయలేకపోయెడివి. 1900లో పారిస్ ప్రదర్శనలో ఈ జాతి చిన్న యింజనును వేరుసెనగ నూనెతో నడిపి చూపిరి. అనంతపురము, చిత్తూరు సీమలనుండి వచ్చిన మనవారికి ఈ ముచ్చట ప్రత్యేకముగా ప్రీతి కలిగించును.

ఈ సూత్రమునుబట్టి డీజిల్ ఇంజనునకు కావలసినవి నాలుగు: శుభ్రమైన నూనె, ధారాళమైన గాలి, చల్లదనము, కీళ్లకు జిడ్డు. ఈ నాలుగును సక్రమముగా అందినంతకాలము అది వేలకొలది గంటలు నడచును. అది మొరాయించినపుడు ఈ నాలుగింటిలో ఏది కొఱవడినదో క్రమముగా వెదకుటయే మరమ్మతు. క్రమము తప్పి, కనబడిన మరనెల్ల విప్పువాడు ఉన్న దోషమునకు మరి రెండు దోషములు చేర్చును.

ఇందుకు మేము కన్నులార చూచిన ఒక ఉదాహరణము చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక శీతకాలమున మేము గోదావరిమీద లాంచీలో పోవుచుండగా ఇంజను చప్పుడు ఒకసారి తగ్గుట, మరల హెచ్చుట, మరల తగ్గుటగా సాగి, తుదకు ఆగిపోయినది. కళాసి కుఱ్ఱవాడు తొందరపడి సెల్ఫు మీట నొక్కిపట్టుకొనెను. వృద్ధుడైన సరంగు వచ్చి వాని చేయి తొలగించి, "ముందు లంగరు వెయ్యరా, తర్వాత ఇంజను చూద్దాం" అనెను. లంగరు పడి లాంచీ నిలిచిన పిమ్మట ఆయన ఫిల్టరు క్రింది గాజుగిన్నెను దీపము పెట్టి చూచెను. నూనె అడుగున నీరు తేటగా నిలిచియుండెను. గిన్నె అడుగు మరను వదులుచేసి నీటిని ఒక డబ్బాలోనికి వదలెను. తరువాత ఫిల్టరు పైనున్న చిన్న మరను వదులుచేసి, చేతిపంపు మీటను ఆడించుచు, బుడగలతో వచ్చు నూనె బుడగలు లేక ధారగా వచ్చువరకు ఓపికతో కాచుకొని, మరను బిగించెను. అటుపై సెల్ఫు నొక్కగా రెండవ ప్రయత్నమున ఇంజను అందుకొన్నది. అంతయు కలిసి అరగంట పట్టియుండును. ప్రయాణికులలో పలువురు ఏమి జరిగినదో ఎరుగక కబుర్లలోనే ఉండిరి.

ఈ చిన్న సంఘటనలో నేర్వవలసినది చాల ఉన్నది. మొదటిది: నీటిమీద ఇంజను ఆగిన, ముందు పడవను నిలుపవలెను. లారీ ఆగినచో రోడ్డు ప్రక్కన నిలుచును; పడవ ప్రవాహముతో పోయి రాతినో, ఒడ్డునో తాకును. రెండవది: చప్పుడు హెచ్చుతగ్గులై ఆగిన ఇంజనునకు నూనె సరిగా అందలేదని ముందుగా అనుమానింపవలెను. నూనెతో నీరు కలియుట, ఫిల్టరు మూసికొనిపోవుట, గొట్టముల అతుకులలో గాలి చొరబడుట అను మూడును ఈ లక్షణమునే చూపును. గాలి చొచ్చినచో పంపు ఆ గాలినే నొక్కుచుండును గాని నూనె ఇంజెక్టరును చేరదు. మెకానిక్కులు దీనినే "ఎయిర్ లాక్" అందురు. ఫిల్టరువద్ద గాలి తీసినను ఇంజను అందుకొననిచో ఇంజెక్షను పంపుమీది మరవద్దను, ఆ పైని ఇంజెక్టరు గొట్టముల నట్లవద్దను ఇదే విధముగా తీయవలెను. అచ్చట మాత్రము నూనె మిక్కిలి ఒత్తిడితో వెలువడును. ఆ సన్నని ధార చర్మమును చీల్చుకొని లోనికి పోగలదు. చేయి అడ్డుపెట్టి చూచుట ప్రమాదము. అట్టి గాయము సూదిపోటంత కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలెను.

మూడవది సెల్ఫును గూర్చినది. దానిని ఒక్కసారికి పది పదిహేను సెకండ్లకు మించి నొక్కరాదు; నడుమ కొంత విశ్రాంతి ఇయ్యవలెను. లేనిచో బ్యాటరీ చచ్చి, దోషము దొరికిన తరువాతకూడ ఇంజనును లేపు దారి ఉండదు. మీట నొక్కినపుడు ఇంజను అసలే తిరుగక "టక్" మని ఊరకుండిన, దోషము నూనెలో లేదు. బ్యాటరీ కొనల తుప్పునో, వదులైన తీగనో చూడవలెను. గేరు న్యూట్రల్‌లో ఉన్నదా, క్రితముసారి ఇంజను ఆపుటకు లాగిన స్టాప్ మీటను తిరిగి లోనికి త్రోసిరా అని చూచుట మరువరాదు. ఈ రెండును చూడక గంటలకొలది చెమటోడ్చిన వారున్నారు.

ఇంజను నడచుచుండగా తన ఆరోగ్యమును పొగరూపమున చెప్పుచుండును. బాగుగా కాగిన ఇంజనునుండి పొగ ఇంచుమించు కనబడరాదు. నల్లని పొగ విడువక వచ్చుచున్నచో నూనెకు తగిన గాలి అందలేదనియో, ఇంజనుమీద మోయలేని బరువు పడినదనియో అర్థము. గాలి ఫిల్టరు మూసికొనిపోయినను, నీటిలోని పంఖాకు తాడో, వలయో, గుర్రపుడెక్కయో చుట్టుకొనినను, మితిమించి జనమును ఎక్కించినను పొగ నల్లబడును. నీలిపొగ వచ్చిన ఇంజనులోని ఆయిలు మండుచున్నదని గ్రహింపవలెను. రింగులు అరిగిన గుర్తు. తెల్లని పొగ చల్లని ఉదయమున కొంతసేపు వచ్చుట సహజమే. కాగిన తరువాతకూడ మానకున్నచో మండని నూనెయో, నీటి ఆవిరియో వచ్చుచున్నదన్నమాట, దానిని ఉపేక్షింపరాదు.

ఇక చల్లదనము. లారీకి రేడియేటరును గాలి చల్లబరచును. లాంచీకి నదియే రేడియేటరు. పడవ అడుగున కన్నముగుండ నీటిని పీల్చి, ఇంజను చుట్టును త్రిప్పి, తిరిగి నదిలోనికి చిమ్మెదరు. ఈ నీటిని లాగు పంపులలో పెక్కింటియందు రబ్బరు రెక్కల చక్రము ఉండును. నీరు లేక నడచినచో ఆ రెక్కలు కొద్దిసేపటిలోనే కాలి చీలిపోవును. కనుక ఇంజను లేవగానే సరంగు వెనుకకు వంగి నీరు చిమ్ముచున్నదా లేదా యని చూడవలెను. గోదావరిలో ఒండ్రునీరు వచ్చు దినములలో జల్లెడ త్వరగా పూడును; నాచు, ప్లాస్టిక్ సంచులు నీరు పీల్చు కన్నమును మూయును. వేడి ముల్లు పైకి పోయినచో ఇంజను వేగము తగ్గించి, నిలువదగిన చోట పడవను నిలిపి, ఇంజనును ఆపి, జల్లెడ, పంపు బెల్టు, పంపు రెక్కలు వరుసగా చూడవలెను. రెక్క విరిగియున్నచో క్రొత్తది వేయుటతో పని ముగియదు. విరిగిన ముక్కలు గొట్టములలో చిక్కి మరల అడ్డుపడును గాన, వానినికూడ వెదకి తీయవలెను. కాగియున్న ఇంజను నీటిమూతను తెరచినచో ఆవిరి ఎగసి ముఖము కాలును.

ఆయిలు విషయమున ఒక్క నియమము గుర్తుంచుకొనిన చాలును: ఆయిలు ఒత్తిడి దీపము వెలిగినచో కారణము తరువాత వెదకవచ్చును, ఇంజనును ముందు ఆపవలెను. ఆయిలు లేక ఒక్క నిముసము నడచినను బేరింగులు పట్టుకొనిపోవును. ప్రతిదినము ఇంజను లేపక మునుపు కొలతపుల్లను తీసి తుడిచి చూడవలెను. మట్టము తగ్గుట ఒక దోషము. చేర్చకయే పెరుగుట అంతకంటె పెద్ద దోషము, నీరో డీజిలో లోనికి దిగుచున్నదన్నమాట. పుల్లమీది ఆయిలు పాలుకలిపిన కాఫీవలె కనబడిన నీరు కలిసినదని నిశ్చయింపవచ్చును.

తల్లులు ముఖ్యముగా వినవలసిన సంగతి యొకటి కలదు. విహారపు లాంచీలలో ప్రయాణికులకు భోజనము పడవమీదనే వండుట వాడుక. వంటగ్యాసు గాలికంటె బరువైనది. మన ఇండ్లలో అది లీకైన తలుపులు తెరచిన బయటికి పోవును. పడవలో అది క్రిందికి దిగి అడుగుభాగమున చేరును, ఇంజనుండునది అక్కడనే. అటుపై సెల్ఫునందలి చిన్నరవ్వ చాలును. వంటచోటు ఇంజను గదికి దూరముగా, గాలి ఆడు తావున ఉండవలెను. ఇంజను గదిలో నూనెగుడ్డలు పేర్చియుంచరాదు. నిప్పు నార్పు సిలిండరు చేతికందునట్లు ఉండవలెను.

వాడని కాలమున ఇంజను చెడదని పలువురు తలచెదరు. వరదల కాలమున లాంచీలు రేవున కట్టివేయబడియుండును. సగము ఖాళీగానున్న టాంకు గోడలమీద రాత్రి చలికి తేమ పట్టి, నీరై నూనె అడుగున చేరును. ఆ నీటికిని నూనెకును నడుమ సూక్ష్మజీవులు పెరిగి, నల్లని జిగటగా మారి, మొదటి ప్రయాణముననే ఫిల్టరును మూయును. అందుచేత టాంకును నింపియుంచుట, కట్టివేయుటకు ముందే పాత ఆయిలును మార్చుట, తిరిగి నడుపునపుడు టాంకు అడుగునుండి కొంత నూనెను సీసాలోనికి తీసి చూచుట మంచి పద్ధతులు. మన అపార్టుమెంటు జనరేటర్లకును ఈ మాటలే వర్తించును. వానిని అప్పుడప్పుడు లేపి నడపవలెను. అదియు కొంత బరువు మోయించి నడపవలెను. బరువు లేక మాటిమాటికి నడచిన డీజిల్ ఇంజనులో మండని నూనె మసిగా పేరుకొనును.

ఇక మా వృత్తికి సంబంధించిన మాట. ఏ ఇంజనునకైనను ఆయిలు ఎన్ని గంటలకు మార్చవలెనో, ఫిల్టరు ఎప్పుడు మార్చవలెనో తయారీదారులు పుస్తకములో వ్రాసి యిచ్చెదరు. ఆ పుస్తకము ప్రాయికముగా ఇంగ్లీషులో ఉండును. దానిని చదువగలిగినవాడు యజమాని. ఇంజను ప్రక్కన దినమెల్ల గడుపువాడు దానిని చదువలేడు. చెవితో దోషమును కనిపెట్టు విద్య సరంగునకు ఉన్నది గాని, దానిని వ్రాసియుంచు అలవాటు లేనందున ఆయనతోనే పోవుచున్నది. ఒక నోటుపుస్తకములో తేదీ, ఇంజను నడచిన గంటలు, పోసిన నూనె, మార్చిన ఫిల్టరు, వినబడిన క్రొత్త చప్పుడు తెలుగులో వ్రాసినచో ఏమి లోపము? ఎనిమిదవ తరగతి బాలుడు వ్రాయగలిగిన పని యిది. మన బడిలో ఇప్పటినుండి విజ్ఞానశాస్త్ర తరగతిలో ఇట్టి దినచర్య పుస్తకమును వ్రాయుట నేర్పింపదలచితిమి. ఇందుకై ఇంజను పని తెలిసిన తండ్రులు మాసమున కొకదినము వచ్చి పిల్లలకు చూపి చెప్పవలెనని ప్రార్థించుచున్నాము. వారు తమకు చదువు లేదని సంకోచింపవలసిన పని లేదు. ఆ గంటసేపు వారే ఉపాధ్యాయులు, మేము వెనుక బెంచీలో కూర్చుందుము.

తిరిగి విహారయాత్రకు వత్తము. కచ్చులూరు ప్రమాదము వరద ప్రవాహమున జరిగినది. అట్టి ప్రవాహమున ఎంత మంచి ఇంజనైనను పడవకు పూర్తి రక్షణ కాజాలదు. ఇంజను ఆగినచో లంగరుకూడ నిలువదు. శీతకాలపు నిలకడ నీటిలో అరగంట ఆలస్యముతో పోవు దోషమే వరదలో ప్రాణాంతక మగును. ఆ ప్రమాదము తరువాత యాత్రలను కొంతకాలము నిలిపి, నిబంధనలను బిగించి, మరల అనుమతించిరి. దేశమంతటికిని వర్తించునట్లు 1917 నాటి పాత చట్టమునకు బదులుగా 2021లో లోతట్టు నౌకల చట్టము వచ్చినది. అయినను చట్టము కాగితముమీద నుండును. రేవున నిలిచి అడుగవలసినవారము మనమే.

కనుక మా నిర్ణయము ఇది. ముగ్గురు ఉపాధ్యాయులును, ఇంజను పని తెలిసిన ఇద్దరు తండ్రులును పిల్లలకంటె ఒకదినము ముందుగా గండి పోచమ్మ గుడి రేవునకు పోయి ఐదు విషయములు చూచెదరు. మొదటిది, లాంచీ అనుమతి పత్రము, అందు వ్రాసిన ప్రయాణికుల సంఖ్య. రెండవది, ప్రతి పిల్లవానికిని సరిపడు లైఫ్ జాకెట్టు; పెద్దవారి జాకెట్టు చిన్నవానికి పనికిరాదు. మూడవది, ఇంజనును తమ యెదుట చల్లగానుండగా లేపి, పొగ రంగును, నీరు చిమ్ముటను, ఆయిలు మట్టమును చూచుట. నాలుగవది, లంగరు, దాని త్రాడు, గెడలు, అదనపు ఫిల్టరు, బెల్టు, పంపు రెక్కల చక్రము పడవమీద ఉన్నవో లేవో చూచుట. ఐదవది, వంటగ్యాసు ఎచ్చట నున్నదో చూచి, ఇంజను ఆగినచో మొదట ఏమి చేయుదువని సరంగును అడుగుట. "ముందు లంగరు వేస్తాం" అను జవాబు వచ్చినచో ఆయన పని తెలిసినవాడని నమ్మవచ్చును.

ఈ ఐదింటిలో ఏ ఒక్కటి లోపించినను, నదిలో ఎఱ్ఱనీరు కనబడినను, పిల్లలు లాంచీ ఎక్కరు. ఇచ్చిన బయానా పోయినను సరియే. ఆ దినము వారిని ధవళేశ్వరము తీసికొనిపోయి, 1847 మొదలు 1852 వరకు కాటన్ దొర కట్టించిన ఆనకట్ట కథ చెప్పెదము. గోదావరిని ఒడ్డుననే నిలిచి చూచెదము. ఐదును సరిగానున్నచో మీ బిడ్డలు పాపికొండలు చూచివత్తురు. లాంచీ వెనుకభాగమున ఇంజను ప్రక్కన నిలిచి, అది ఏల నడచుచున్నదో తెలిసికొనికూడ వత్తురు.

సమ్మతి పత్రములు తరగతి ఉపాధ్యాయులవద్ద నున్నవి. సంతకము చేయుటకు ముందు సందేహములున్న తల్లిదండ్రులు సాయంకాలము నాలుగు గంటల తరువాత ఎప్పుడైనను మా గదికి రావచ్చును. సంతకము చేయనివారి బిడ్డకు ఏ చిన్నతనమును కలుగనీయము.